గ్యాస్ పట్టించే ముందు నాబ్ వైపు ఒకసారి చూడండి

ఎండలు ముదిరాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఇంట్లో ఏసీల ఊసు తక్కువ, కారవాన్ల మీద బిగించిన ఏసీల గొడవ ఎక్కువ. టెంపో ట్రావెలర్ కొని, అందులో మంచాలు, వంటగట్టు, బాత్రూం కట్టించుకుని కుటుంబమంతా ఊళ్లు తిరిగేవాళ్లు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ కనబడుతున్నారు. చాలా సంతోషం. అయితే బండి కట్టి ఇచ్చినవాళ్లు టాప్ మీది ఏసీ ఎలా వాడాలో రెండు ముక్కలైనా చెప్పి పంపడం లేదు. అది నాకు బాధగా ఉంది. డబ్బు పోసి కొనుక్కున్నవాళ్లు ఉక్కలో పడుకుంటున్నారు, పైగా అక్కర్లేని రిపేర్లకు మళ్లీ ఖర్చు పెడుతున్నారు.

ఐటీఐలో రిఫ్రిజిరేషన్ ట్రేడు చెప్పినన్నాళ్లూ పిల్లలకు ఒక వరస నేర్పేవాణ్ణి. ముందు కంట్రోల్ ఏం చెబుతోందో చూడు, తర్వాత కరెంటు చూడు, ఆ తర్వాత గాలి చూడు. గ్యాస్ మాట ఆఖర్న ఎత్తు. ఈ ఉత్తరాలకు కూడా అదే వరసలో జవాబు చెబుతాను.

ప్ర: మాస్టారూ, మేం అన్నదమ్ములం కలిసి పాత టెంపో ట్రావెలర్ కొని కారవాన్‌గా మార్పించాం. టాప్ మీద 13,500 బీటీయూ (టన్ను కంటే కాస్త పెద్ద) ఏసీ ఉంది. మొన్న పిల్లలతో కళింగపట్నం వెళ్లి, రాత్రి మేనమామ గారి పెరట్లో బండి పెట్టి, ఇంట్లోంచి వైరు లాగి కరెంటు ఇచ్చాం. ఫ్యాన్ బాగానే తిరిగింది. నాబ్ కూల్ మీదికి తిప్పితే మాత్రం గుంయ్‌మని మూలిగి, టక్కుమని ఆగిపోతోంది. కాసేపటికి మళ్లీ అదే తంతు. పొద్దున్న మెకానిక్ వచ్చి గ్యాస్ అయిపోయింది, పైపుకి వాల్వ్ వేసి పట్టాలన్నాడు. పట్టించమంటారా? — ఒక పాఠకుడు, నరసన్నపేట

జ: వద్దు బాబూ, పట్టించకండి. గ్యాస్ తగ్గితే కంప్రెసర్ ఇలా మూలగదు, లేవకముందే ఆగిపోదు. లేచి నడుస్తుంది, చల్లదనం మాత్రం అంతంతమాత్రంగా వస్తుంది, కూలింగ్ కాయిల్ మీద ఒక మూల మంచు పేరుకుంటుంది. మీరు రాసింది అది కాదు. మీ కంప్రెసర్ లేవబోయి లేవలేకపోతోంది. మూలుగు అదే. మోటారు వేడెక్కేసరికి, దాన్ని కాపాడే ఓవర్‌లోడ్ స్విచ్ కట్ అవుతుంది. టక్ అన్నది ఆ చప్పుడే. చల్లారాక మళ్లీ కలుస్తుంది, మళ్లీ మూలుగుతుంది.

ఇంకో సంగతి. ఈ రూఫ్‌టాప్ యూనిట్లలో చాలావాటికి గ్యాస్ పట్టే వాల్వే ఉండదు. కంప్రెసర్, కాయిల్స్ అన్నీ ఒకే పెట్టెలో పెట్టి, ఫ్యాక్టరీలోనే గ్యాస్ నింపి, పైపు మూతిని నొక్కి అతికేస్తారు. స్ప్లిట్ ఏసీలో లాగా లోపలికీ బయటికీ పైపులు, నట్లు, జాయింట్లు ఉండవు కనుక లీకవడం అరుదు. అలాంటి పైపుకి కన్నం పెట్టి వాల్వ్ బిగిస్తే, బండి గతుకుల్లో ఊగిన కొద్దీ ఆ వాల్వ్ దగ్గరే లీకు మొదలవుతుంది. లేని జబ్బుని డబ్బిచ్చి తెచ్చుకున్నట్టు.

మీ బండికి వచ్చిన చిక్కు దాదాపుగా ఆ లాగిన వైరులోనే ఉంది. లెక్క చూపిస్తాను. ఈ సైజు ఏసీ మన 230 వోల్టుల మీద నడిచేటప్పుడు సుమారు 7 యాంపులు తీసుకుంటుంది. కంప్రెసర్ లేచే క్షణంలో మాత్రం దానికి ఐదారు రెట్లు లాగుతుంది, అంటే 35 యాంపుల పైమాటే. మామూలుగా ఇళ్లలో ఉండే ఎక్స్‌టెన్షన్ వైరు 1 స్క్వేర్ ఎంఎంది. అది 25 మీటర్లు లాగితే, పోను రాను కలిపి 50 మీటర్ల రాగి. ఆ 35 యాంపులకి వైరులోనే 30 వోల్టులు తినేస్తుంది. తీరం ఊళ్లలో వేసవి రాత్రి అందరి ఏసీలూ వేసుకున్న వేళ ఇంట్లో 200 వోల్టులే ఉంటే, మీ కంప్రెసర్‌కి చేరేది 170. అది ఎలా లేస్తుంది? ఫ్యాన్‌కి ఆ వోల్టేజీ చాలు కాబట్టి తిరుగుతుంది. అందుకే అందరూ 'కరెంటు బాగానే ఉంది, గ్యాసే లేదు' అనుకుంటారు.

అదే 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తే ఆ 30 కాస్తా 8 వోల్టులకి దిగుతుంది. అది కొనండి. చివర 16 యాంపుల ప్లగ్గే ఉండాలి, 6 యాంపుల పిన్నుకి అడాప్టర్ తగిలించి నెట్టుకురావద్దు. వైరు చుట్టలో మిగిల్చి వాడవద్దు, మొత్తం విప్పి పరవండి, చుట్టలో వేడి చేరి ఇన్సులేషన్ కరుగుతుంది. ప్లగ్గుని పది నిమిషాల తర్వాత చేత్తో తాకి చూడండి. వేడిగా ఉంటే సాకెట్ లూజు. బండి లోపల ప్లగ్గులో పెట్టుకునే చిన్న వోల్టేజీ మీటరు దొరుకుతుంది, అది కొనుక్కుని కంప్రెసర్ లేచేటప్పుడు చూడండి. నడుస్తుండగా 207 కంటే కిందికి వెళ్తుంటే ఆ ఊళ్లో ఏసీ వేయకపోవడం మేలు, లేదా మంచి స్టెబిలైజర్ పెట్టాలి.

వోల్టేజీ నిండుగా ఉండీ మూలిగితే అప్పుడు కంప్రెసర్ లేవడానికి ఊతమిచ్చే కెపాసిటర్ని అనుమానించండి. పైన కవర్ తీస్తే మందు డబ్బా ఆకారంలో ఉంటుంది. దాని తల ఉబ్బితే పోయినట్టే. తక్కువ ఖర్చుతో మారుతుంది. కానీ మీరు చేయి పెట్టకండి. ప్లగ్గు పీకేసినా అందులో కరెంటు నిల్వ ఉంటుంది, తెలిసినవాళ్లు దాన్ని డిశ్చార్జ్ చేశాకే ముట్టుకుంటారు.

ఇంకొకటి, నాబ్ ఉన్న మోడళ్లలో చేయి ఊరుకోక ఆఫ్ చేసి వెంటనే ఆన్ చేస్తుంటారు. ఆఫ్ చేశాక లోపల ప్రెషర్ రెండు వైపులా సమానం కావాలంటే 3 నుంచి 5 నిమిషాలు పడుతుంది. అంతకుముందే తిప్పితే కొత్త కంప్రెసర్ కూడా మూలుగుతుంది. డిజిటల్ ప్యానెల్ ఉన్నవాటిలో ఈ ఆలస్యం బోర్డులోనే పెట్టి ఉంటుంది. స్క్రీన్ మీద కూల్ అని చూపిస్తూ రెండు మూడు నిమిషాలు చల్లగాలి రాకపోతే కంగారు పడకండి.

ప్ర: సర్, మా కారవాన్‌ని ఊళ్లో ఇంటి ప్లగ్గుకి తగిలిస్తే తలుపు పిడి పట్టుకున్నప్పుడు చిన్నగా జివ్వుమంటోంది. ఏసీ మాత్రం బాగా పనిచేస్తోంది. పట్టించుకోవాలా? — ఒక పాఠకుడు, టెక్కలి

జ: ఈ ఉత్తరం చదివి నాకు గుండె ఝల్లుమంది. ఏసీ వెంటనే ఆపండి, ప్లగ్గు తీసేయండి. బండి ఇనుప పెట్టె, కింద రబ్బరు టైర్లు. లోపల ఎక్కడ లీకైనా ఆ కరెంటు భూమిలోకి పోయే దారి ప్లగ్గులోని మూడో పిన్ను ఒక్కటే. పాత ఇళ్లలో ఆ మూడో కన్నానికి వెనకాల వైరే ఉండదు. అప్పుడు నేల మీద నిలబడి పిడి పట్టుకున్న మనిషే దారి అవుతాడు. తడి నేల, తడి కాళ్లు, పిల్లలు ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

ఎలక్ట్రీషియన్ని పిలిచి ఆ ఇంటి ఎర్తింగ్, మీ వైరులో ఎర్త్, బండి లోపల ఎర్త్ మూడూ మీటరుతో చూపించుకోండి. బండిలోకి కరెంటు వచ్చేచోట 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్, పెట్టించండి. అది ట్రిప్ అవుతోందని తీసేసి డైరెక్టు చేసే పని మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

ప్ర: మాస్టారు గారూ, మా ఏసీ అయిదారు నిమిషాలు చక్కగా చల్లగాలి ఇస్తుంది, తర్వాత కంప్రెసర్ ఆగిపోతుంది. బండి వెనకవైపు పడుకునే మా అత్తగారికి ఉక్క తగ్గదు. నాబ్ చివరిదాకా కోల్డెస్ట్ మీదే ఉంది. కరెంటు ఫుల్లుగా ఉంది. ఆగినప్పుడు మూలుగుడేమీ ఉండదు, మెల్లగా క్లిక్‌మని ఆగుతుంది. — ఒక టీచరు, బొబ్బిలి

జ: అమ్మా, మీరు చప్పుడు కూడా గమనించి రాయడం వల్ల సగం పని తేలికైంది. మెల్లగా క్లిక్ అంటే అది ఓవర్‌లోడ్ కాదు, థర్మోస్టాటే. గది చల్లబడిందని అది నమ్మింది కాబట్టి ఆపింది. గది నిజంగా చల్లబడలేదు కదా, మరి అలా ఎందుకు నమ్మింది? ఇదే ఈ యూనిట్లలో నేను తరచుగా చూసే లోపం. దాన్ని పట్టుకునే మెకానిక్కులు తక్కువ.

మెయిన్ ఆఫ్ చేసి, లోపల సీలింగుకి ఉన్న ప్లాస్టిక్ కవర్ స్క్రూలు విప్పండి. ఫిల్టర్ బయటికి వస్తుంది. పైకి చూస్తే టాప్‌లో చదరంగా కోసిన కన్నం, పక్కకి 14 అంగుళాలు, పొడవు 14 అంగుళాలు, కనబడుతుంది. ఆ ఒక్క కన్నంలోంచే గదిలో వేడిగాలి పైకి పోవాలి, చల్లగాలి కిందికి రావాలి. రెండిటి మధ్యా ఒక రేకో, థర్మాకోల్ ముక్కో అడ్డు ఉంటుంది. టార్చి వేసి ఆ అడ్డు అంచుల వెంట చూడండి. వెండి రంగు ఫాయిల్ టేపు ఊడి వేలాడుతూ, దాని జిగురు మీద నల్లగా దుమ్ము పట్టి ఉంటే దొంగ దొరికినట్టే. చల్లగాలి గదిలోకి దిగకుండా ఆ సందులోంచి తిరిగి లోపలికే పోతోంది. వేడిగాలి వెళ్లే దారిలో సన్నటి రాగి గొట్టం, చివర పెన్సిల్ మందాన ఒక బల్బు ఉంటుంది. అదే నాబ్‌కి కళ్లూ ముక్కూ. పక్కసందులోంచి దూరిన చల్లగాలి ఆ బల్బుకి తగిలితే, అది పాపం గదంతా చల్లబడిందనే అనుకుంటుంది.

పాత టేపు మొత్తం తీసి, స్పిరిట్ గుడ్డతో తుడిచి, ఆరాక అల్యూమినియం ఫాయిల్ టేపు వేయండి. మామూలు ప్లాస్టిక్ టేపు, ప్యాకింగ్ టేపు పనికిరావు. మన తీరపు తేమకి వారంలో ఊడతాయి. చేయి దూరని మూలల్లో ఫోమ్ ముక్క కూరి పైన టేపు వేయండి. బల్బు దాని క్లిప్పులోనే ఉందో లేదో చూడండి. వంగిపోయి రేకుకి తగిలి ఉంటే మెల్లగా సర్దండి, ఆ గొట్టం నలిగితే థర్మోస్టాట్ మార్చాల్సిందే. డిజిటల్ మోడళ్లలో ఈ బల్బు బదులు సన్న వైరు చివర సెన్సర్ ఉంటుంది, లేదా గోడ మీది ప్యానెల్లోనే ఉంటుంది. గోడ ప్యానెల్ మీదికి నేరుగా చల్లగాలి కొట్టేలా గ్రిల్ తిప్పి ఉన్నా ఇదే జరుగుతుంది.

అంతా బిగించాక ఒక పరీక్ష చేయండి. హై కూల్ మీద 20 నిమిషాలు నడిపి, వంటింటి థర్మామీటరైనా సరే, ముందు గాలి లోపలికి పోయేచోట, తర్వాత చల్లగాలి వచ్చేచోట పెట్టి చూడండి. తేడా 9 నుంచి 12 డిగ్రీల సెల్సియస్ ఉంటే మీ యూనిట్ ఆరోగ్యంగా ఉన్నట్టు. గాలిలో తేమ బాగా ఉన్న రోజు కాస్త తగ్గినా ఫర్వాలేదు, శక్తిలో కొంత నీళ్లు పిండడానికే పోతుంది. ఈ తేడా వస్తున్నా ఎవరైనా గ్యాస్ పట్టాలంటే నమస్కారం పెట్టి పంపించేయండి. అత్తగారి మంచం వైపు గ్రిల్ తెరిచి ఉందో లేదో కూడా చూడండి. చాలా కవర్లలో ముందుకీ వెనక్కీ వేరువేరు రెక్కలు ఉంటాయి.

ప్ర: గోడ మీది ఏసీ ప్యానెల్ చచ్చిపోయింది. బండిలో ఫ్యాను, మిక్సీ, టీవీ అన్నీ పనిచేస్తున్నాయి. కరెంటు ఉండగా ప్యానెల్ ఎందుకు వెలగదు? — ఒక జీడిపప్పు వ్యాపారి, పలాస

జ: ఎందుకంటే ఆ ప్యానెల్ మీ 230 వోల్టుల కరెంటు తినదు. చాలా కారవాన్ ఏసీల్లో కంప్రెసర్‌కి, పెద్ద ఫ్యాన్‌కి ఇంటి కరెంటు. ప్యానెల్‌కి, లోపలి బోర్డుకి బండిలోని 12 వోల్టుల బ్యాటరీ. ఈ రెండో కరెంటు సంగతి ఎవరూ చెప్పరు.

బ్యాటరీ దగ్గర మల్టీమీటరు పెట్టండి. ప్లగ్గు పెట్టి ఉన్నప్పుడు 13 పైన చూపించాలి, అప్పుడే చార్జర్ పనిచేస్తున్నట్టు. 12 దగ్గరే ఉండి మెల్లగా దిగుతుంటే చార్జర్ చచ్చింది, మీరు అన్నాళ్లూ బ్యాటరీలో మిగిలింది తింటున్నారు. బ్యాటరీ బాగుంటే ఫ్యూజు పెట్టెలో ఏసీదో, థర్మోస్టాట్‌దో చిన్న బ్లేడు ఫ్యూజు ఉంటుంది, కార్లలో వాడే రకమే, తీసి చూడండి. అదీ బాగుంటే 12 వోల్టుల లైను ఒక నిమిషం తీసి మళ్లీ ఇవ్వండి, బోర్డు తికమకపడి ఉంటే సర్దుకుంటుంది. వెలిగాక ఏదైనా కోడ్ చూపిస్తే ఆ కంపెనీ పుస్తకంలోనే అర్థం వెతకండి. ఇంట్లో స్ప్లిట్ ఏసీ కోడ్‌తో పోల్చుకోవద్దు, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క.

ప్ర: కూలింగ్ సరిపోయి కంప్రెసర్ ఆగినా మా ఏసీ ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. పాడైందా? — ఒక పాఠకురాలు, రాజాం

జ: పాడవలేదు. లో కూల్, హై కూల్ అని ఉన్న నాబ్‌లలో ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతుంది, థర్మోస్టాట్ ఆపేది కంప్రెసర్ని మాత్రమే. ప్యానెల్ ఉన్నదైతే ఫ్యాన్‌ని ఆటోలో పెట్టండి. మనవైపు అదే మేలు. కంప్రెసర్ ఆగాక కూడా ఫ్యాన్ తిరుగుతుంటే కాయిల్ మీది తడి మళ్లీ గదిలోకే వచ్చి జిగటగా ఉంటుంది.

ప్ర: సెకండ్‌హ్యాండ్‌లో ఇంపోర్టెడ్ రూఫ్‌టాప్ యూనిట్ కొన్నాం. డిస్‌ప్లే మీద 77 అని చూపిస్తోంది. బటన్ నొక్కితే 60 దాకా దిగుతుంది కానీ 24 రావడం లేదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఇచ్చారు. — డిగ్రీ విద్యార్థి, విజయనగరం

జ: అది ఫారెన్‌హీట్. 77 అంటే మన 25 డిగ్రీలు, 75 అంటే సుమారు 24. చాలావాటిలో సెట్టింగులో సెల్సియస్‌కి మార్చుకోవచ్చు. నన్ను ఆలోచింపజేసింది ఆ ట్రాన్స్‌ఫార్మర్. యూనిట్ ప్లేటు మీద 115 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది గానీ మన 50 హెర్ట్జ్‌ని 60 చేయలేదు. కంప్రెసర్, ఫ్యాన్ దాదాపు ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతాయి, మోటారు ఎక్కువ వేడెక్కుతుంది. ప్లేటు మీద 50 హెర్ట్జ్ అని కూడా లేకపోతే ఆ యూనిట్‌కి ఇంకా డబ్బు పెట్టకండి బాబూ, 230 వోల్టులదే చూసుకోండి.

ప్ర: తాటిపూడి రిజర్వాయర్ దగ్గర రాత్రి ఆగాం. ఏసీ 16 మీద, లో ఫ్యాన్‌లో పెట్టి పడుకున్నాం. తెల్లారేసరికి గాలి రావడం మానేసి, సీలింగులోంచి మంచం మీద నీళ్లు కారాయి. — ఒక పాఠకుడు, ఎస్.కోట

జ: కాయిల్ గడ్డకట్టింది. ఫ్యాన్ నెమ్మదిగా, సెట్టింగు బాగా కిందికి, ఫిల్టర్ మురికిగా ఉంటే చాలు, రాత్రంతా తేమ మంచుగా పేరుకుని గాలిదారి మూసేస్తుంది. అది కరిగినప్పుడు నీళ్లు పళ్లెంలో పట్టక లోపలికి దిగుతాయి. అలా జరిగినప్పుడు ఉత్త ఫ్యాన్ హైలో ఒక గంట తిప్పండి, గోకవద్దు. ఇకమీదట 24, 25 మీద, ఫ్యాన్ హైలో లేదా ఆటోలో పెట్టండి, ఫిల్టర్ పదిహేను రోజులకోసారి కడిగి ఆరబెట్టండి. ఇవన్నీ చేసినా మళ్లీ గడ్డకడితే కాయిల్ రెక్కల్లో గుచ్చి ఉండాల్సిన ఫ్రీజ్ సెన్సర్ ఊడి వేలాడుతోందేమో చూడాలి. కాయిల్ గడ్డకట్టబోతే కంప్రెసర్ని ఆపాల్సింది అదే.

మంచు లేకుండానే నీళ్లు కారితే రెండు చూడండి. బండి వాలుగా నిలబెట్టారా? కాస్త చదునైన చోట పెట్టండి. చదునుగా ఉన్నా కారితే టాప్‌కి యూనిట్‌కి మధ్య నీళ్లు దిగకుండా ఉండే మెత్తటి పట్టీ, గాస్కెట్, సరిగా నొక్కుకోలేదు. లోపలి నాలుగు బోల్టులు ఒకటి తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా, సమానంగా బిగించాలి. ఒక మూల బలంగా బిగిస్తే ఎదుటి మూల లేస్తుంది. పైనుంచి సీలెంట్ పూసి సరిపెట్టకండి, నీళ్లు పోయే దారులు కూడా మూసుకుపోతాయి.

ప్ర: మాకు 12 వోల్టులు, 200 ఏహెచ్ (యాంపియర్ అవర్ల) లిథియం బ్యాటరీ, ఇన్వర్టర్ ఉన్నాయి. బారువ బీచ్ దగ్గర రాత్రంతా ఏసీ నడుస్తుందా? లేకపోతే 2 కేవీఏ జనరేటర్ కొనమంటారా? — ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జ: రాత్రంతా నడవదు. మీ బ్యాటరీ నిండుగా ఉంటే సుమారు 2,500 వాట్ అవర్లు. ఏసీ 1,500 వాట్లు లాగితే, ఇన్వర్టర్ నష్టం పోగా ఆగకుండా గంటన్నర. కంప్రెసర్ ఆగి ఆగి నడిచే చల్లని వేళ ఇంకాసేపు నడవవచ్చు. ఆ సమయంలో బ్యాటరీ నుంచి 130 యాంపుల పైనే వస్తుంటాయి, కాబట్టి అక్కడి కేబుల్ లావుగా, దాని కొసలకు బిగించే లగ్గులు గట్టిగా ఉండాలి. పడుకునే ముందు బండిని చల్లబరచడానికి వాడుకుని, తర్వాత 12 వోల్టుల ఫ్యాన్ మీద ఉండండి.

2 కేవీఏ జనరేటర్ నడిచే ఏసీని మోయగలదు, లేచే ఏసీని లేపడం కష్టం. సాఫ్ట్ స్టార్టర్ అనే చిన్న పెట్టె పెట్టిస్తే స్టార్టింగ్ కరెంటు సగానికి పైగా తగ్గుతుంది, అప్పుడు సాధ్యమే. ముందు జనరేటర్ స్టార్ట్ చేసి, అది కుదురుకున్నాక ఫ్యాన్, మరి కొద్దిసేపటికి కూల్ వేయండి. జనరేటర్ మీద ఎకానమీ స్విచ్ (లోడు తక్కువైతే ఇంజిన్ వేగం తగ్గించేది) ఉంటే ఏసీ వాడేటప్పుడు దాన్ని ఆఫ్‌లో ఉంచండి.

అయితే జనరేటర్ పెట్టుకుని నిద్రపోవద్దు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్న మనిషికి తెలియదు. సముద్రం గాలి ఎప్పుడు ఏ వైపు తిరుగుతుందో చెప్పలేం. నడిపినంతసేపూ బండికి దూరంగా, పొగగొట్టం బండికి ఎదురు దిక్కుగా ఉండాలి, ఆ వైపు కిటికీలు మూసి ఉండాలి. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం దొరుకుతుంది. జనరేటర్ కొనే రోజే అదీ కొని, మంచం తలవైపు బిగించుకోండి.